యుక్కా విత్తనాలు మా మెట్టలో ఏ నెలలో పోయాలి? కార్తీక వానల్లో మొక్కల్ని ఎట్టా కాపాడాలి?

మెట్టతోట (ఉదయగిరి)

అందరికీ నమస్కారం. ఇంటి పక్కన ఎనిమిది సెంట్ల ఎర్ర గరప నేలలో నీళ్లు పెద్దగా అడగని మొక్కలతో ఎడారి తోట వేస్తున్నాను. కలబంద, కిత్తలి, ఎడారి గులాబీ నాటడం అయింది. ఇక యుక్కాలు (కత్తుల్లాంటి ఆకులుండే ఎడారి మొక్కలు) కావాలి, అవి విత్తనం నుంచే పెంచాలని. 60 యుక్కా రోస్ట్రాటా గింజలు, 40 యుక్కా అలోయిఫోలియా గింజలు ఉన్నాయి. ఇంకా పోయలేదు.

నెట్‌లో చదివినవన్నీ చలి దేశాల వాళ్లు రాసినవి. గింజల్ని నెల రోజులు ఫ్రిజ్‌లో పెట్టమని ఒకరు, గాజు పేపరుతో రుద్దమని ఒకరు. మన ఎండకు, మన వానకు ఏ నెలలో పోయాలో ఎవరూ రాయలేదు. మట్టి ఏ పాళ్లలో కలపాలి, ఎంత లోతున పెట్టాలి, మొలకకు ఎన్నాళ్లు పడుతుంది, తొలి ఏడాది ఎట్టా సాకాలి, ఇవన్నీ కావాలి. నీళ్లు బోరువే. నీళ్లలో కరిగిన ఉప్పును కొలిచే టీడీఎస్ మీటరు 1,350 చూపిస్తోంది. మొలకలకు అవి పనికొస్తాయా?

రాళ్లతోట (నెల్లూరు)

మెట్టతోట గారూ, యుక్కా మన దగ్గర ఎండకు చావదు. స్వాతి, విశాఖ కార్తెల్లో నీళ్లకు చస్తుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మీ ప్రశ్నల్లో సగానికి జవాబు దొరికినట్టే.

రోస్ట్రాటా పుట్టిల్లు అమెరికాలో టెక్సాస్ పడమటి భాగం, దాన్ని ఆనుకున్న మెక్సికోలోని కొవాయిలా, చివావా రాష్ట్రాలు. సున్నపురాయి గుట్టల మీద, నీరు క్షణం నిలవని చోట పెరుగుతుంది. అక్కడ ఏడాదంతా పడే వాన మనకు ఒక్క తుపానులో పడిపోగలదు. అందుకే విత్తే తేదీని అక్టోబరు నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. ఈశాన్య రుతుపవనాలు దిగేనాటికి మొక్కకు ఎనిమిది నెలల వయసన్నా ఉండాలి, ఐదారు ఆకులు తొడిగి మొదలు కాస్త గట్టిపడి ఉండాలి. అంటే సంక్రాంతి వెళ్లిన వారం నుంచి ఫిబ్రవరి పదో తేదీ లోపల పోసేయాలి. ఆ రోజుల్లో మనకు పగలు 30 డిగ్రీల దరిదాపు, రాత్రి 20. యుక్కా గింజ మొలవడానికి కావాల్సింది 22 నుంచి 30 డిగ్రీలే కాబట్టి హీటరు, ఫ్రిజ్ ఏవీ అక్కర్లేదు. ఫ్రిజ్‌లో పెట్టమనేది యుక్కా గ్లాకా లాంటి మంచు ప్రాంతపు రకాలకు. మీ రెండు రకాలకూ అది వద్దు. గాజు పేపరూ వద్దు. పై తోలు పలచన, రుద్దితే లోపలి పప్పుకు దెబ్బ తగులుతుంది.

గింజల్ని ముందు తెల్ల కాగితం మీద పోసి ఏరండి. మంచి గింజ మసినల్లగా, బిళ్లలా చదునుగా ఉండి, వేళ్ల మధ్య నొక్కితే లోపల గట్టిగా తగులుతుంది. పాలిపోయి, కాగితంలా పలచగా ఉన్నవి తాలు గింజలు. నీళ్లలో వేసి తేలినవి పారేయమంటారు, ఆ పని చేయొద్దు. గింజ చదునుగా, పొడిగా ఉంటుంది కాబట్టి మంచిదీ కాసేపు తేలుతుంది. మెడికల్ షాపులో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను అంతే నీళ్లతో కలిపి అందులో ఐదు నిమిషాలు ఉంచి, మంచి నీళ్లతో కడిగి, గోరువెచ్చని నీళ్లలో 24 గంటలు నానబెట్టండి. మధ్యలో ఒకసారి నీళ్లు మార్చండి. నానినవాటిని ఆరనివ్వకుండా అదే రోజు విత్తేయాలి.

ఇక మట్టి. పది పాళ్ల లెక్కన చెబుతాను: ముతక ఇసుక 5, కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) 3, నల్లగా కాల్చిన ఊక 1, జల్లించిన వర్మీ కంపోస్ట్ 1. తోట మట్టి కలపొద్దు.

ఇసుకను తేలిగ్గా తీసుకోవద్దు, చాలా నారు పోయేది ఇక్కడే. పెన్నా ఇసుకను కిటికీకి కొట్టే దోమతెర మీద జల్లించండి. కిందికి జారిన సన్నదాన్ని పక్కన పడేసి తెర మీద మిగిలిన ముతకదే వాడండి. గూడూరు వైపు దొరికే తెల్ల సిలికా ఇసుక కంటికి శుభ్రంగా కనిపిస్తుంది గానీ, సన్నటి గుండ్రటి రేణువులు ఒకదాన్నొకటి పట్టి బిగుసుకుని, నీటిని పట్టేస్తాయి. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది, అసలు వద్దు. ఊక కూడా చూసుకుని తెచ్చుకోండి. రైస్ మిల్లు బాయిలరు దగ్గర దొరికేది ఎక్కువగా పూర్తిగా కాలిపోయిన బూడిద. అది క్షారం, పైగా తడిస్తే పేస్టులా అవుతుంది. మనకు కావాల్సింది ఆకారం చెదరకుండా నల్లబడ్డ ఊక. కోకోపీట్‌ను మూడుసార్లు నీళ్లలో నానబెట్టి పిండాలి, లేదంటే అందులోని ఉప్పు మొలక వేరును కాలుస్తుంది.

కలిపాక ఒక పరీక్ష ఉంది. మట్టి నింపిన సంచిని ఒకసారి బాగా తడిపి, తర్వాత పైన గ్లాసు నీళ్లు పోయండి. పది సెకన్ల లోపల పైనుంచి దిగిపోవాలి. ఇరవై దాటినా మెరుస్తూ నిలిచి ఉంటే ఇంకొక పాలు ఇసుక కలపండి. కుండీ అడుగున గులకరాళ్లు మాత్రం వేయొద్దు. సన్న మట్టిలోని నీరు కింది రాళ్లలోకి ఊరికే దిగదు, పై మట్టి పూర్తిగా నిండాకే జారుతుంది. రాళ్ల పొర వేస్తే తడి పొర వేళ్లకు ఇంకా దగ్గరికి వస్తుంది.

చదునైన ట్రేల కంటే లోతైన సంచి మేలు. మొలక తొలి నెలలోనే లావుపాటి వేరును కిందికి దించుతుంది. నాలుగంగుళాల వెడల్పు, ఏడంగుళాల లోతు గ్రో బ్యాగ్ సరిపోతుంది. అది లేకపోతే లీటరు నీళ్ల సీసాను మెడ దగ్గర కోసి, అడుగున కాల్చిన మేకుతో ఆరు బొక్కలు పెట్టి, చుట్టూ కాగితం చుట్టండి. వెలుగు తగిలితే లోపల పాచి పడుతుంది, అందుకని. సంచికి రెండు గింజలు, మధ్య మూడు సెంటీమీటర్ల ఎడం. గింజను పడుకోబెట్టి ఒక సెంటీమీటరు లోతున పెట్టి పైన ముతక ఇసుక కప్పండి. పైపైన పెడితే వేరు దిగే బదులు గింజనే పైకి లేపుతుంది. రెండు సెంటీమీటర్లు దాటి పాతితే సన్నటి మొలక పైకి రాలేక లోపలే మెలిక తిరిగి కుళ్లుతుంది.

నీళ్లు తొట్టిలో పోసి అందులో సంచిని పావుగంట నిలబెట్టి అడుగునుంచి పీల్చనివ్వండి, తర్వాత తీసి పూర్తిగా కారనివ్వండి. పైన బొక్కలు పెట్టిన పాలిథిన్ కప్పి 50 శాతం షేడ్ నెట్ కింద పెట్టండి. రోజుకు రెండుసార్లు కవరు ఎత్తి గాలాడనివ్వాలి. అలోయిఫోలియా రెండు మూడు వారాల్లో, రోస్ట్రాటా మూడు నాలుగు వారాల్లో తల ఎత్తుతాయి. కొన్ని రెండు నెలలకు కూడా వస్తాయి, ఖాళీ సంచుల్ని తొందరపడి పారబోయొద్దు. మొలక అచ్చం ఉల్లినారులా ఉంటుంది. సన్నటి పచ్చ దారం మడత పడి బయటికొచ్చి, నిదానంగా నిటారై, కొసన నల్ల తొడుగును మోసుకుంటూ నిలబడుతుంది. ఆ తొడుగును గోటితో లాగొద్దు. దాంతో పాటు కొస తెగి వస్తుంది. నాలుగు రోజులకు అదే రాలుతుంది.

మీ బోరు నీళ్లు మొలకలకు పనికిరావు. ఒక చెంబు బోరు నీళ్లకు రెండు చెంబులు ఆర్‌వో నీళ్లో, ఏసీ నుంచి కారే నీళ్లో కలిపితే టీడీఎస్ 500 లోపలికి వస్తుంది, దాంతో నెట్టుకురావచ్చు. వాన నీళ్లు పట్టి పెట్టుకుంటే అన్నిటికంటే మేలు. ఆర్‌వో మిషన్ బయటికి వదిలే వృథా నీళ్లు మాత్రం వాడకండి, వాటిలో ఉప్పు రెట్టింపు.

తొలకరి (దర్శి)

మృగశిర కార్తెలో పోస్తే ఏం? ఎండ తగ్గుతుంది, గాలిలో తేమ ఉంటుంది, మొలక తేలిగ్గా వస్తుంది కదా. రోహిణి కార్తె వడగాడ్పుల్లో మూడు నెలల పసి మొక్కను కాపాడటం కష్టం అనిపిస్తుంది నాకు.

రాళ్లతోట (నెల్లూరు)

మొలక తేలిగ్గానే వస్తుంది అన్నా, ఆ మాట నిజమే. చిక్కు తర్వాత వస్తుంది. జూన్ చివర మొలిచిన రోస్ట్రాటాకు అక్టోబరుకు నాలుగు నెలలు, దారాల్లాంటి మూడు ఆకులు. వరసగా పది రోజులు ఎండ లేక, గాలిలో తేమ నిండి, రాత్రి వేడి 24 డిగ్రీల దగ్గర నిలిచే ఆ వాతావరణం నారుకుళ్లు శిలీంధ్రాలకు పండగ. వడగాడ్పును నెట్టుతో, నీళ్లతో అడ్డుకోవచ్చు. పది రోజుల ముసురును అడ్డుకోవడానికి కప్పు, గాలి, మందు మూడూ కావాలి, అయినా నమ్మకం లేదు. మీ దర్శి వైపు వాన కాస్త తక్కువే, అయినా నవంబరు ముసురు అక్కడా ఉంటుంది కదా.

మే నెలలో మరిచిపోకూడనిది నల్ల సంచుల వేడి. ఎండ నేరుగా సంచి పక్కన తగిలితే లోపల వేరు ఉడికిపోతుంది. పైన ఆకు పచ్చగానే ఉంటుంది, వారం తర్వాత ఒక్కసారి వాలిపోతుంది. సంచులన్నీ ఒకదానికొకటి ఆనించి, బయటి వరస చుట్టూ తడి గోనె పట్టా కట్టండి, లేదా ఇసుకలో మెడ దాకా పాతండి. జూన్ నడిమి దాకా నెట్టు తీయొద్దు. ఆ తర్వాత ఉదయం ఎండ గంటతో మొదలుపెట్టి వారానికి ఒక గంట పెంచుకుంటూ పోండి. ఒక్కరోజులో పూర్తి ఎండలోకి తెస్తే పడమటి వైపు ఆకుల మీద గడ్డి రంగు మచ్చలు పడతాయి.

నారుమడి (ఆత్మకూరు)

రాళ్లతోట గారు చెప్పిన మట్టి, నెల రెండూ సరే. విత్తే పద్ధతిలో మాత్రం నాది వేరే మాట. రోస్ట్రాటా గింజ ఖరీదు ఎక్కువ, మొలక తేదీలు ఎక్కువ రోజుల మీద చెదిరిపోతాయి. నేరుగా సంచిలో పెడితే ఏది కుళ్లిందో, ఏది ఇంకా నిద్రలో ఉందో తెలియదు. ముందు టిష్యూ కాగితంలో మొలిపించి, మొలిచినవాటినే సంచిలోకి మార్చడం మేలు.

టిష్యూను తడిపి, పిండితే చుక్క రాని దాకా పిండి, గింజల్ని అర అంగుళం ఎడంతో పరచండి. ఇంకో టిష్యూ కప్పి జిప్ కవర్లో పెట్టి, ఇంట్లో ఎండ తగలని వెచ్చటి చోట, అల్మారా పైనో ఫ్రిజ్ పైనో ఉంచండి. మూడు రోజులకోసారి తెరిచి చూడండి. బూజు పట్టిన గింజను తీసి పెరాక్సైడ్‌లో కడిగి వేరే కవర్లో పెట్టండి. బూజు పట్టినంత మాత్రాన చచ్చినట్టు కాదు, పై తోలు మీద పట్టింది లోపలికి దిగకముందే కడిగితే మొలుస్తుంది. మెత్తబడి నొక్కితే పాలు కారేదే చచ్చింది.

తెల్ల వేరు అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు మధ్య ఉన్నప్పుడే మార్చాలి. రెండు సెంటీమీటర్లు దాటితే టిష్యూ నారలోకి దూరి, లాగితే కొస తెగుతుంది. ఒకవేళ అల్లుకుపోతే టిష్యూ ముక్కతో సహా కత్తిరించి నాటండి, అది మట్టిలో కుళ్లిపోతుంది. వేలితో కాకుండా పుల్లతో బొక్క చేసి, వేరు కిందికి ఉండేలా దించి, గింజ పైన అర సెంటీమీటరు ఇసుక ఉండేలా సర్దండి. ఈ పద్ధతిలో సంచికి ఒకటే మొక్క. తర్వాత విడదీసే పని ఉండదు.

అలోయిఫోలియా 40 గింజలకు ఇంత తంటా అక్కర్లేదు, నేరుగా పోసేయండి.

ఇంకో సంగతి, కొత్తగా గింజలు కొనేవాళ్ల కోసం. విదేశాల నుంచి తెప్పించే విత్తనానికి మన 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఆ దేశపు ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్లు, పురుగులు లేవనే ధ్రువపత్రం) ఉండాలి. కవర్లో దాచి పంపేవాళ్ల దగ్గర కొంటే దార్లోనే ఆపేస్తారు. రంగు రంగుల యుక్కా అని ఫొటోలు పెట్టి అమ్మేది గడ్డి విత్తనమే అయ్యే అవకాశం ఎక్కువ. నీలం ఆకు, ఎర్ర ఆకు యుక్కా విత్తనం అంటే నమ్మకండి. పేరు దగ్గర కూడా జాగ్రత్త, 'క' ఒత్తు లేని యుకా అంటే స్పానిష్‌లో కర్రపెండలం. నెట్‌లో వెతికేటప్పుడు వంటల వీడియోలు వస్తే అందుకే.

కోస్తాగాలి (కొత్తపట్నం)

సముద్రం పక్కన పెంచేవాళ్లకు కొంచెం తేడా. అలోయిఫోలియా అమెరికా ఆగ్నేయ తీరం, కరీబియన్ ఇసుక దిబ్బల మీద పుట్టిన మొక్క. ఉప్పు గాలికి, ఉక్కకు అలవాటు పడింది. మన తీరానికి ఇంతకంటే నప్పే యుక్కా లేదు. యుక్కా గ్లోరియోసా అనే రకం కూడా తీరపు మొక్కే. ఎదిగిన అలోయిఫోలియా ఉప్పు నీటి తుంపర తట్టుకుంటుందని, మొలకకు కూడా ఉప్పు నీళ్లు పోయొద్దు. ఆ ఓర్పు రెండో ఏట నుంచే.

ఇంగ్లీషులో జాషువా చెట్టు అనే యుక్కా బ్రెవిఫోలియా జోలికి మాత్రం మన వైపు ఎవరూ పోవద్దని నా సలహా. అది మొహావీ ఎడారిది. చలికాలంలో కాస్త వాన, ఎండాకాలం పొడి గాలి, రాత్రికి బాగా చల్లబడటం దానికి అలవాటు. మనకు జూలైలో రాత్రి కూడా 27 డిగ్రీలు, గాలి నిండా తేమ. గింజ మొలుస్తుంది, అరచేయంత ఎదుగుతుంది, తర్వాత మొదట్లోంచి కరిగిపోతుంది. రోస్ట్రాటా మెట్ట వైపు నిలబడుతుంది, ఉదయగిరి, వింజమూరు, కనిగిరి గట్టుల్లో అయితే ధైర్యంగా వేయొచ్చు. తీరాన అయితే ఎత్తు తొట్టిలో, కప్పు కింద.

అలోయిఫోలియా ఆకు కొస సూదే. నడక దారికి, పిల్లలు ఆడే చోటికి ఆరడుగుల దూరంలో నాటండి. వంగి కలుపు తీసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి.

మెట్టతోట (ఉదయగిరి)

అందరికీ చాలా థ్యాంక్స్. జనవరి 20న రెండు పద్ధతుల్లోనూ మొదలుపెట్టాను. ఇప్పటికి ఏడు వారాలు. రోస్ట్రాటా 37, అలోయిఫోలియా 29 మొలకలు. రెండు సమస్యలు వచ్చాయి.

ఒకటి, నేరుగా పోసిన సంచుల్లో ఆరు మొలకలు మట్టి మట్టానికి సన్నబడి, గోధుమరంగు తిరిగి, ఒక పక్కకు వాలిపోయాయి. ఆకు ఇంకా పచ్చగానే ఉంది. రెండు, పదింటికి ఆకు కొసలు మూడు నాలుగు మిల్లీమీటర్లు మాడి, మాడిన చోటికీ పచ్చదానికీ మధ్య సన్నటి పసుపు గీత ఉంది. ఇవి వాలలేదు. నీళ్లు చెప్పినట్టే కలిపి పోస్తున్నాను. ఫిబ్రవరి చివర సంచికి చిటికెడు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ కూడా వేశాను.

నారుమడి (ఆత్మకూరు)

మొదటిది నారుకుళ్లు. ఆకు పచ్చగా ఉండగానే మెడ దగ్గర దారంలా నులుముకుపోవడమే దాని గుర్తు. ఆ ఆరు బతకవు. సంచులతో సహా తీసి దూరంగా పారబోయండి, ఆ మట్టి మళ్లీ వాడొద్దు. మిగిలిన వాటికి లీటరు నీళ్లకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి, సంచికి 50 మిల్లీలీటర్ల చొప్పున మొదట్లో పోయండి. పది రోజులకు కూడా వాలుతుంటే లీటరుకు 2 గ్రాముల మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు. చేతికి గ్లవుజులు వేసుకోండి, సాయంత్రం పూట పోయండి.

కుళ్లును అడ్డుకునే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మా వాడే ఉద్దేశం ఉంటే రాగి మందు పోసిన రెండు వారాల తర్వాతే. రెండూ ఒకేసారి వేస్తే ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే కాబట్టి రాగి దాన్నీ దెబ్బతీయొచ్చు.

మందు కంటే ముందు కారణం చూడండి. మొలక వచ్చాక కూడా పాలిథిన్ కప్పి ఉంచారా? సగానికి పైగా మొలవగానే అది తీసేయాలి. పైన ఇసుక ఎప్పుడూ తడిగా కనిపిస్తోందా? పై రెండు సెంటీమీటర్లు ఆరాకే మళ్లీ తడి. పుల్ల గుచ్చి తీస్తే పొడిగా రావాలి. ఇంకో తేలికైన కొలత బరువు. బాగా తడిసి కారిన సంచిని ఒకసారి, ఆరిన సంచిని ఒకసారి ఎత్తి చూస్తే చేతికి తేడా తెలిసిపోతుంది. తర్వాత పుల్ల అక్కర్లేదు.

పలకరాయి (కనిగిరి)

రెండోది కుళ్లు కాదు. కొస మాడి, మధ్యలో పసుపు గీత అంటే ఉప్పో ఫ్లోరైడో. మా కనిగిరి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. మీ మెట్ట బోర్లలోనూ ఉండొచ్చు, నీళ్లు ఒకసారి పరీక్ష చేయించండి. డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ లాంటివి దీనికి బాగా సున్నితం. యుక్కా కూడా ఆ బంధువర్గంలోదే. నీళ్లతో పైకెక్కిన ఫ్లోరైడ్ ఆకు కొసన పోగుపడుతుంది, నీరు ఆవిరైపోయి అది మిగిలిపోతుంది. అందుకే మాడటం కొస నుంచే మొదలు. టీడీఎస్ మీటరు మొత్తం ఉప్పును చూపిస్తుంది గానీ ఫ్లోరైడ్‌ను విడిగా చూపదు.

మీరు వేసిన సూపర్ ఫాస్ఫేట్ దీన్ని ఇంకా పెంచి ఉంటుంది. రాతి ఫాస్ఫేట్ నుంచి తయారయ్యే ఆ ఎరువులో ఫ్లోరైడ్ కలిసే ఉంటుంది. ఇక వేయకండి. మూడో ఆకు వచ్చాక నీళ్లలో కరిగే 19:19:19 ఎరువు లీటరుకు ఒక గ్రాము, పదిహేను రోజులకోసారి. సెప్టెంబరు మొదటి వారంలో ఆపేయాలి, వానల ముందు లేత ఎదుగుదల ఉంటే కుళ్లు పట్టేది అక్కడే. ఇప్పుడు చేయాల్సింది, వాన నీళ్లో ఆర్‌వో నీళ్లో సంచి కొలతకు రెండింతలు పైనుంచి పోసి ఒకసారి కడిగేయడం. మందు పోసిన రోజు కాదు, వారం ఆగి. మట్టి పుల్లగా ఉంటే ఫ్లోరైడ్ ఎక్కువ ఎక్కుతుంది కాబట్టి, మట్టి కలిపేటప్పుడే పది లీటర్లకు 20 గ్రాముల సున్నపురాయి పొడి కలిపితే మంచిది. రోస్ట్రాటా సున్నపు నేల మొక్కే, దానికి అభ్యంతరం లేదు. మాడిన కొస మళ్లీ పచ్చబడదు, కొత్త ఆకు శుభ్రంగా వస్తే సమస్య తీరినట్టు.

వానాకాలపు కప్పు గురించి కూడా చెబుతాను. 200 మైక్రాన్ల యూవీ పాలిథిన్ షీటును ఒక పక్కకు వాలుగా, మొక్కల తలలకు మూడడుగుల పైన కట్టండి. నాలుగు పక్కలా తెరిచే ఉండాలి. చుట్టూ మూసేస్తే లోపల ఆవిరి పట్టి వానకంటే ఎక్కువ చెడుపు చేస్తుంది. సంచులు నేల మీద కాదు, సిమెంటు ఇటుకల మీద పరిచిన ఇనుప జాలీ మీద పెట్టండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పది పదిహేను రోజులకోసారి, సంచి తేలికైతేనే తడి. షీటును తాళ్లతో గట్టిగా బిగించండి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటి గాలి లాంటిది వస్తే ఊరికే కట్టిన షీటు నిలవదు. తుపాను హెచ్చరిక వస్తే సంచుల్ని రెండు రోజులు వరండాలోకి మార్చడమే మంచిది.

మొదలు కుళ్లును ముందే పసిగట్టాలంటే వారానికోసారి నడిమి ఆకును రెండు వేళ్లతో సుతారంగా పైకి లాగండి. గట్టిగా ఉంటే మొక్క బాగున్నట్టు. జారిపోయి చేతిలోకి వచ్చి, కొసన తడిగా, కుళ్లు వాసన వస్తే అది పోయినట్టే, పక్క సంచుల్ని వెంటనే ఎడంగా జరపండి. కింది ఆకులు కొస నుంచి ఎండి లోపలికి ముడుచుకుంటే అది దాహం, నీళ్లు పోస్తే సరి.

మెట్టతోట (ఉదయగిరి)

సూపర్ ఫాస్ఫేట్ సంగతి అస్సలు తెలియదు. పాలిథిన్ కూడా తీయలేదు, ఇవాళే తీసేశాను. నేలలోకి ఎప్పుడు మార్చాలి? గుంట ఎంత తీయాలి?

పలకరాయి (కనిగిరి)

గుంట తీయొద్దు, దిబ్బ పోయండి. మన ఎర్ర గరపలో రెండడుగుల కింద గట్టి పొర ఉంటుంది. గుంట తీసి మంచి మట్టి నింపితే వానకు అది నీళ్ల తొట్టి అవుతుంది, చుట్టుపక్కల నీరంతా అందులోకే వస్తుంది.

మొక్కకో దిబ్బ: నాలుగడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు. మీ ఎర్ర మట్టి రెండు పాళ్లు, 12 ఎంఎం కంకర రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు. పేడ ఎరువు వద్దు, చివికిన కంపోస్టు దిబ్బకు రెండు కిలోలు చాలు. మెట్ట నేలల్లో చెదలు ఉంటాయి కాబట్టి అర కిలో వేప పిండి కలపండి. నాటాక మొక్క మెడ దిబ్బ మట్టం కంటే ఒక అంగుళం పైనే ఉండాలి, ఆరు నెలల్లో దిబ్బ కుంగుతుంది.

అలోయిఫోలియాను వచ్చే జనవరిలో నాటొచ్చు. రోస్ట్రాటా నిదానం. దాన్ని ఎనిమిదంగుళాల కుండీకి మార్చి ఇంకో వానాకాలం కప్పు కింద దాటించి, ఆ తర్వాతి జనవరిలో నేలలో పెట్టండి. కాండం కనబడటానికి మాత్రం ఏళ్లు పడుతుంది, తొందరపెట్టి నత్రజని వేస్తే మెత్తటి మొక్క అవుతుంది. నాటిన తొలి వేసవిలో పది రోజులకోసారి దిబ్బకు ఐదు లీటర్లు, రెండో వేసవిలో మూడు వారాలకోసారి. మూడో ఏట నుంచి మానేయొచ్చు. నీళ్లు దిబ్బ అంచున పోయండి, మొదట్లో కాదు. వేరు నీటి కోసం బయటికి పాకుతుంది.

దిబ్బ పైన చీమకుర్తి నల్ల గ్రానైటు ముక్కలు పరుద్దామని చాలామంది అనుకుంటారు, చూడ్డానికి బాగుంటుంది. మే నెలలో ఆ నల్ల రాయి మెడను కాలుస్తుంది. లేత రంగు గులకరాళ్లే పరవండి, అవీ మొదలుకు రెండంగుళాలు వదిలి. నల్ల రాయి మీద మోజు ఉంటే మూడు నాలుగేళ్ల తర్వాత పరచుకోండి. తొలి వేసవిలో మొక్కకు పడమటి పక్కన అడుగెత్తు మార్కాపురం పలకరాయి ముక్కను నిలువుగా పాతండి. మూడు గంటల ఎండకు దాని నీడ సరిగ్గా మొదలు మీద పడుతుంది, జూలైలో తీసేయొచ్చు.

కోస్తాగాలి (కొత్తపట్నం)

ఒక చిన్న మాట కలుపుతాను. ఇవి పూశాక విత్తనం మన దగ్గరే తీసుకోవచ్చా అని అడిగేవాళ్లుంటారు. యుక్కా పువ్వుకు అమెరికాలో యుక్కా మాత్ అనే చిన్న తెల్ల రెక్కల పురుగే పుప్పొడి చేరవేస్తుంది. 1872లో ఎంగెల్‌మాన్, రైలీ అనే శాస్త్రవేత్తలు ఈ సంగతి బయటపెట్టారు. ఆ పురుగు మన దేశంలో లేదు కాబట్టి చాలా రకాలు పూసినా కాయ పట్టవు. అలోయిఫోలియాకు మాత్రం తేనెటీగల వల్ల కూడా కాయ పడుతుంది.

మిగిలిన వాటికి చేత్తోనే చేయాలి. పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. కేసరాల కొసన పుప్పొడి పొడిలా ఉండదు, జిగురు ముద్దలా ఉంటుంది, ఊదితే రాలదు. పళ్లు కుట్టుకునే పుల్ల కొసతో దాన్ని తీసి, వేరే మొక్క పువ్వులో నడిమి కీలం పైన ఉండే చిన్న గుంటలోకి కొంచెం లోపలికి నొక్కి పెట్టండి. పైపైన రాస్తే చాలదు. ఆ గుంటలోకి దూరాలి. ఒకే మొక్క పుప్పొడి చాలాసార్లు పట్టదు కాబట్టి విత్తనం నుంచి వచ్చిన రెండు వేర్వేరు మొక్కలు ఒకేసారి పూయాలి. మెట్టతోట గారి దగ్గర ఉన్నవన్నీ గింజ మొక్కలే కాబట్టి ఆ ఇబ్బంది ఉండదు. కాయను చెట్టు మీదే ఎండనిచ్చి, చీలడం మొదలవగానే కోయండి. లోపల ఆరు వరసల్లో నాణేలు పేర్చినట్టు గింజలుంటాయి, వాటిలో నల్లవి ఏరుకుని కాగితం కవర్లో పెట్టి తేదీ రాసుకోండి.